ట్రై అసిస్ట్‌లు లెక్కపెట్టి హాఫ్‌బ్యాక్‌కు మార్కులు వేయకండి

నమస్కారం. 2023 అక్టోబర్ 1న సిడ్నీలో జరిగిన ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియాలోని ప్రధాన రగ్బీ లీగ్ పోటీ) ఫైనల్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. పెన్రిత్ పాంథర్స్, బ్రిస్బేన్ బ్రాంకోస్. రెండో అర్ధభాగంలో ఎజ్రా మామ్ మూడు ట్రైలు (ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించడమే ట్రై, నాలుగు పాయింట్లు) కొట్టడంతో బ్రిస్బేన్ 24-8తో దూసుకుపోయింది. చివరికి గెలిచింది మాత్రం పెన్రిత్, 26-24తో. వరసగా మూడో టైటిల్ అది. 1981-83లో పారామట్టా తర్వాత ఆ పోటీలో ఎవరికీ దక్కని ఘనత. పెన్రిత్ హాఫ్‌బ్యాక్ (దాడిని నడిపించే ఏడో నంబరు ఆటగాడు) నేథన్ క్లియరీకి, ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ పతకం ఇచ్చారు.

పతకం ముమ్మాటికీ న్యాయమే. అయితే క్లియరీ గొప్పతనం ఏమిటని అడిగితే చాలామంది ఆఖరి ట్రై ఒక్కటే చూపిస్తారు. హాఫ్‌బ్యాక్ దాడిని అలా కొలవకూడదని నా వాదన. అతను ఆటను ఏ చోటికి తీసుకెళ్లాడు, ఎదుటి రక్షకులను ఎంత ఇరకాటంలో పెట్టాడు, ఇవి ముందు చూడాలి. పాయింట్లు ఆ తర్వాత వస్తాయి.

ఆ మ్యాచ్‌లో క్లియరీ కొట్టిన 40/20 అనే కిక్ చూడండి. రగ్బీ లీగ్‌లో ఒక జట్టు చేతిలో బంతి ఉండేది ఆరు ట్యాకిళ్ల (బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం) వరకే. ఐదు పడ్డాయంటే సాధారణంగా దూరంగా తన్ని, ప్రత్యర్థికి అప్పగించాల్సిందే. కానీ తన 40 మీటర్ల గీత వెనకనుంచి తన్నిన బంతి మైదానంలో ఒకసారి నేలకు తగిలి, ప్రత్యర్థి 20 మీటర్ల పరిధిలో పక్కగీత దాటితే బంతి మళ్లీ తన్నినవాళ్లకే. బలం కాస్త తగ్గితే అందరికన్నా వెనక కాపుకాసే ఫుల్‌బ్యాక్ పట్టేస్తాడు, కాస్త పెరిగితే శ్రమ వృథా. పక్కగీత దగ్గర ఆడే వింగర్ ముందుకు జరిగాడా, మూల ఖాళీగా ఉందా అన్నది తన్నేముందే కనిపెట్టాలి. మీదపడటానికి మనుషులు పరుగెత్తుకొస్తుంటే, పది పాయింట్ల లోటు తరుముతుంటే, ఆ మూలను చూడగలగడమే నా దృష్టిలో అసలైన ఆట! కాసేపటికే పెన్రిత్ ఆటగాడు స్టీఫెన్ క్రైటన్ ట్రై సాధించాడు. 40/20ని ఎవరూ అసిస్ట్‌గా (ట్రైకి నేరుగా దారితీసిన పాస్ లేదా కిక్‌గా) లెక్కించరు. ఆ ట్రైకి పునాది మాత్రం అదే.

దానికి ముందు మోజెస్ లియోటా ట్రై. దారి తెరిచింది క్లియరీ, గీత దాటింది లియోటా. ఇది గణాంకాల పట్టికలో కనిపిస్తుంది కాబట్టి ఎక్కువ చెప్పను.

క్లియరీతో కలిసి దాడిని నడిపించే జెరోమ్ లువాయ్ గాయంతో బయటికి వెళ్లిన సంగతి మరచిపోవద్దు. మామూలుగా ఎడమవైపు అతనిది, కుడివైపు క్లియరీది. జోడీ లేకపోయేసరికి రెండు వైపులా బరువు క్లియరీ మీదే పడింది. అతను వెనక నిలబడి పాస్‌లు పంచడం తగ్గించి, రక్షణ గీత మీదికే బంతితో వెళ్లడం మొదలుపెట్టాడు. ఆఖరి ట్రైలో కనిపించేది ఇదే. పాస్ ఇస్తాడా, తన్నుతాడా, తానే పరుగెత్తుతాడా? ఈ మూడూ నిజంగా సాధ్యమైనప్పుడే రక్షకుడి కాలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో క్లియరీ అడుగు మార్చి వాళ్ల మధ్యనుంచి దూరిపోయాడు. స్కోరు 24-24. గెలిపించిన కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్‌కు తన్నే కిక్, రెండు పాయింట్లు) కూడా అతనిదే.

ఇక మొదటి గంట. పెన్రిత్‌కు అప్పటికి ఒకే ట్రై, మొత్తం ఎనిమిది పాయింట్లు. బ్రిస్బేన్ కొట్టిన ట్రైలకు క్లియరీని తప్పుపట్టను, కానీ తన జట్టు దాడి అంతసేపు మొద్దుబారితే ఆ లెక్క హాఫ్‌బ్యాక్ ఖాతాలోనే రాయాలి. అందుకే చివరి ఇరవై నిమిషాలకు పదికి పది వేసినా, ఎనభై నిమిషాలకూ కలిపి నేను ఎనిమిదిన్నరే వేస్తాను. ఇంతకంటే ఎక్కువ వేయాలనుకునేవాళ్లు ఆ మొదటి గంటను మళ్లీ ఒకసారి చూసి, క్లియరీ బంతి అందుకున్న ప్రతిసారీ ఎదుటి రక్షకుల పాదాలు ఎటు కదిలాయో గమనించి, అప్పుడు చెప్పండి.