నర్సులు ఎందుకు నిలుస్తారు, ఎప్పుడు వెళ్లిపోతారు

సభకు నమస్కారం.

ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లు నిండుతున్న సందర్భంగా 2020ని నర్సుల, మంత్రసానుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థే, ఆ ఏడాది మార్చి 11న కొవిడ్‌ను మహమ్మారిగా పేర్కొనవలసి వచ్చింది. ఏప్రిల్‌లో ఆ సంస్థ వెలువరించిన నివేదిక ప్రపంచంలో సుమారు 2.8 కోట్ల మంది నర్సులున్నారనీ, 2018 నాటికే ఇంకా 59 లక్షల మంది కావాలనీ లెక్కగట్టింది. కొరతను మహమ్మారి తెచ్చిపెట్టలేదు. ఉన్న కొరత మీదికే అది వచ్చిపడింది.

కొవిడ్ వార్డులో పీపీఈ కిట్ తొడుక్కున్న నర్సు దాన్ని విప్పేదాకా గుక్కెడు నీళ్లు తాగడానికి ఉండదు. కళ్లద్దాలకు ఆవిరి పట్టి, రెండు జతల గ్లవ్స్ లోంచి వేలికి నరం సరిగా తగలక, ఆమె ఒక రోగికి క్యాన్యులా (మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టడానికి తంటాలు పడుతుండగానే, పక్క మంచం దగ్గర ఆక్సిజన్ పడిపోతోందని మానిటర్ మోగుతుంది. అటు పరుగెత్తితే ఇక్కడ మందు ఆలస్యమవుతుంది. నోరు శుభ్రం చేయడం, వేళకు పక్కకు తిప్పడం, భయపడుతున్న మనిషి దగ్గర రెండు నిమిషాలు నిలబడడం వంటివన్నీ వాయిదా పడి, చివరికి జరగకుండానే పోతాయి. చేయవలసింది ఏమిటో తెలిసీ చేయనివ్వని పరిస్థితిలో కలిగే ఈ క్షోభను నైతిక వేదనగా 1984లోనే అమెరికన్ తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ గుర్తించారు. నా దృష్టిలో నర్సుల అసంతృప్తికి మూలం శ్రమ కాదు, ఇదే.

జీతం, భద్రత వంటివి లోపిస్తే అసంతృప్తి పుడుతుందనీ, అవి ఉన్నంత మాత్రాన సంతృప్తి పుట్టదనీ, అది పనిలోంచే రావాలనీ 1959లో మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం ప్రతిపాదించింది. ఆ సిద్ధాంతంపై విమర్శలు లేకపోలేదు గానీ, చప్పట్లు, ప్రోత్సాహక భత్యాలు ఎందుకు చాలలేదో అర్థం చేసుకోవడానికి అది పనికొస్తుంది. అలాగని డబ్బు ఊసెత్తనక్కర్లేదని కాదు. అమెరికాలో ఏజెన్సీల ద్వారా తాత్కాలికంగా వచ్చిన నర్సులకు తమకంటే ఎంతో ఎక్కువ చెల్లిస్తుంటే, వాళ్లకు వార్డు పద్ధతులు నేర్పిన పాత నర్సులకు తమ అనుభవానికి కట్టిన వెల ఎంతో తెలిసివచ్చింది.

అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులపై నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కో నర్సుకు ఒక రోగి అదనమైన కొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు మరణించే ముప్పు 7 శాతం, నర్సులు పని ఒత్తిడితో డీలాపడే ముప్పు 23 శాతం, ఉద్యోగం పట్ల అసంతృప్తి కలిగే ముప్పు 15 శాతం ఎక్కువగా కనిపించాయి. రోగి క్షేమం, నర్సు సంతృప్తి రెండూ ఒకే లెక్క మీద ఆధారపడి ఉన్నాయన్నమాట. అయినా చాలా యాజమాన్యాలు ధ్యాన తరగతులతో సరిపెట్టాయి. పని ఒత్తిడి వల్ల కలిగే ఈ నిస్త్రాణ జబ్బు కాదనీ, పనిచోటికి సంబంధించిన పరిణామమనీ 2019లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేశాక, చికిత్స చేయవలసింది నర్సుకా, డ్యూటీ చార్టుకా?

యాజమాన్యాలు తరచూ పొరబడే చోటు మరొకటి ఉంది. ఉధృతి నడుస్తున్నప్పుడు రాజీనామాలు తక్కువగా ఉంటే, సిబ్బంది తృప్తిగా ఉన్నారని అనుకుంటారు. తోటివాళ్లను నడిమధ్యన వదిలి వెళ్లలేక ఆగినవాళ్లు అందులో ఎందరో ఉంటారు. వార్డు ఖాళీ అయి, ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికాకే వాళ్లు ఆ కాగితం రాస్తారు. కాబట్టి కేసులు తగ్గగానే మిగిలిపోయిన శస్త్రచికిత్సలన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టడం కంటే, ముందు పేరుకుపోయిన సెలవులు ఇవ్వడం, వచ్చే నెల డ్యూటీ చార్టు ముందుగానే చేతికివ్వడం, నర్సులు చాలనప్పుడు కొత్త రోగులను చేర్చుకోవడం ఆపే అధికారాన్ని వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌కు రాతపూర్వకంగా అప్పగించడం అవసరం. ఈ మూడింటిలో యాజమాన్యాలు ఎక్కువగా వెనుకాడేది చివరిదానికే; అయితే రోగుల సంఖ్యను నేరుగా అదుపు చేసేదీ అదొక్కటే.