ఆ ఒకటి ఎందుకు తగ్గించాలి?

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, ఈ ఏడాది డిగ్రీలో గణితం, స్టాటిస్టిక్స్ తీసుకున్న విద్యార్థులకు నమస్కారం. కొత్త సిలబస్ గురించి మాట్లాడమన్నారు. రాసుకునే వచ్చాను. కానీ మిమ్మల్ని చూశాక, ముందు వేరే సంగతి చెప్పాలనిపిస్తోంది.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు స్టాటిస్టిక్స్ క్లాసులో శాంపిల్ వేరియన్స్ సూత్రం బోర్డు మీద రాశారు. మచ్చుకు తీసిన విలువలు, అంటే శాంపిల్, సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత అది. ప్రతి విలువలోంచి సగటు తీసెయ్యాలి, వర్గం చెయ్యాలి, అన్నీ కూడాలి, ఎన్ మైనస్ వన్‌తో భాగించాలి. ఉన్నవి ఎన్ విలువలైతే ఎన్‌తో కదా భాగించాలి, ఒకటి ఎందుకు తగ్గించారని లేచి అడిగాను. "సూత్రం అంతే, రాసుకో. పరీక్షలో అది అడగరు" అన్నారు. కూర్చున్నాను. డిగ్రీ అయ్యేదాకా ఆ క్లాసులో మళ్లీ చెయ్యి ఎత్తలేదు. ఆ మాస్టారిని తప్పుపట్టడం లేదు, ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆ రోజు నాలో ఏదో మూతపడింది. అది ఇప్పటికీ బాధే.

జవాబు ఏమంత కష్టమైనది కాదు. 2, 4, 9 తీసుకోండి. సగటు 5. తేడాలు మైనస్ 3, మైనస్ 1, ప్లస్ 4. కూడితే సున్నా. ఏ మూడు సంఖ్యలు తీసుకున్నా ఇంతే. అంటే మొదటి రెండు తేడాలు చెబితే మూడోది మీరే చెప్పేస్తారు, అది తెచ్చే కొత్త సమాచారం ఏమీ లేదు. పైగా మనం తీసేస్తున్న 5 అసలు జనాభా, అంటే ఈ శాంపిల్ తీసిన మొత్తం గుంపు, సగటు కాదు, ఈ మూడు సంఖ్యల్లోంచే పుట్టిన సగటు. వర్గాల మొత్తం దాని దగ్గరే అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఇక్కడ ఆ మొత్తం 26. మూడుతో భాగిస్తే 8.67, రెండుతో భాగిస్తే 13. మూడుతో భాగించే పద్ధతిలో పదే పదే శాంపిళ్లు తీస్తే, సగటున అసలు వేరియన్స్ కన్నా తక్కువే వస్తుంది. ఒకటి తగ్గించి భాగిస్తే ఆ లోటు సరిగ్గా పూడుతుంది.

దీని అసలు రూపం నాకు ఇంకో గదిలో దొరికింది. లీనియర్ ఆల్జీబ్రా క్లాసులో లంబంగా ఉండే వెక్టర్ల గురించి చెబుతున్నారు. వెక్టర్ అంటే ఇక్కడ వరసగా రాసిన సంఖ్యలు; రెండిట్లో ఒకే స్థానంలో ఉన్నవాటిని గుణించి, అన్నీ కూడితే సున్నా వస్తే అవి లంబం. అన్నీ ఒకట్లే ఉన్న వెక్టర్ ఒకటి రాశారు. దానికి లంబంగా ఉన్న వెక్టర్లన్నీ కలిస్తే ఎన్ మైనస్ వన్ డైమెన్షన్ల స్పేస్ అవుతుందన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. నా తేడాల వెక్టర్ అక్కడే ఉంది! తేడాల మొత్తం సున్నా అంటే, ఒకట్ల వెక్టర్‌కి అది లంబంగా ఉందనే కదా. స్వేచ్ఛగా మారగల విలువలు ఎన్నో చెప్పే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటే ఆ డైమెన్షన్లే. శాంపిల్ మొత్తాన్ని ఎన్ డైమెన్షన్లలో ఒక బిందువుగా స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ వందేళ్ల కిందటే చూశాడు. మనం మాత్రం దాన్ని రెండు ముక్కలు చేసి రెండు పేపర్లలో పెట్టాం. ఈ గదిలో వాళ్లకి ఆ గది సంగతి తెలియదు.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి. ఆర్. రావు గారి సంగతి చెప్పకుండా ఉండలేను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివారు. 1944 ప్రాంతంలో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. అప్పటికి వయసు ఇరవై నాలుగు. పెద్ద శాంపిళ్లకు వర్తించే ఫిషర్ ఫలితం ఒకటి చెబుతుంటే, చిన్న శాంపిల్‌కి కూడా అలాంటిది ఉందా అని దండేకర్ అనే విద్యార్థి అడిగారు. రావు గారు ఆ రాత్రి కూర్చుని జవాబు సాధించి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయింది. అదే ఇవాళ ప్రపంచమంతా చదివే క్రామర్-రావు అసమానత, పక్షపాతం లేని ఏ అంచనాకైనా వేరియన్స్ ఇంతకన్నా తగ్గదని చెప్పే హద్దు.

ఆలోచించండి. ఆ రోజు "రాసుకో, పరీక్షలో అడగరు" అని ఉంటే? నేను మా క్లాసులో అడిగింది అంత గొప్ప ప్రశ్న కాదు. కానీ ఏది గొప్పదో అడిగిన క్షణంలో ఎవరికి తెలుస్తుంది?

సిలబస్ గురించి రాసుకున్నవి ఇక చదవను, ఆ కాగితం ఆఫీసులో ఇస్తాను. అధ్యాపకులారా, మీకు చేతులు జోడించి ఒక్కటే అడుగుతున్నాను. వారానికి ఒక్క గంట, ఇద్దరూ ఒకే గదిలోకి రండి. ఆల్జీబ్రా చెప్పేవారు, స్టాటిస్టిక్స్ చెప్పేవారు. ఒక్క సూత్రం తీసుకోండి, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇద్దరూ కలిసి చెప్పండి. సెమిస్టర్‌లో రెండు యూనిట్లు తగ్గినా ఫరవాలేదు. విద్యార్థి అడిగినదానికి జవాబు తెలియకపోతే, రేపు చెబుతానని చెప్పండి, మర్నాడు చెప్పండి.

పిల్లలూ, నాకింకా పదిహేను నిమిషాలుంది. ఎన్ మైనస్ వన్ సరైనదని ఇంతసేపూ చెప్పాను కదా. డేటా నార్మల్ పంపిణీ, అంటే గంట ఆకారపు పంపిణీ, నుంచి వచ్చినప్పుడు, సగటు వర్గదోషం (అంచనాకీ అసలు విలువకీ ఉన్న తేడా వర్గం సగటు) అన్నిటికన్నా తక్కువ కావాలంటే ఎన్ ప్లస్ వన్‌తో భాగించాలి. ఇదీ నిజమే. మరి మనం దేన్ని సరైనది అంటున్నాం? సుద్దముక్క ఇక్కడ పెడుతున్నాను. ముందుగా ఎవరు వస్తారు?