కన్ను తీశాక లోపల పెట్టే బంతి

ముందు దీన్ని చేతిలోకి తీసుకుని చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. గోలీ కాదు, గోలీ కంటే కాస్త పెద్దది, 18 మిల్లీమీటర్లు. పిల్లలకి కన్ను తీసేశాక డాక్టర్లు లోపల పెట్టి కుట్టేసేది ఇలాంటిదే, ఇంప్లాంట్ అంటారు. నేను దీని పైన పెట్టే కృత్రిమ కన్ను తయారుచేసేవాణ్ణి కాబట్టి నన్ను అందరూ రంగు కలుస్తుందా, ఫోటోలో తెలిసిపోతుందా అని అడుగుతారు. ఈ బంతి గురించి మాత్రం ఎవరూ అడగరు. నా పని బాగా కుదరడం సగం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

చిన్నపిల్లల్లో కన్ను తీయాల్సి వచ్చేది ఎక్కువగా రెటినోబ్లాస్టోమా వల్ల. పుట్టే పిల్లల్లో సుమారు 15 నుంచి 20 వేల మందిలో ఒకరికి వచ్చే కంటి క్యాన్సర్ ఇది. కీమో, లేజర్లతో ఇప్పుడు చాలా కళ్లు నిలబడుతున్నాయి, గడ్డ బాగా ముదిరితే మాత్రం ప్రాణం కోసం కన్ను వదులుకోవాల్సిందే.

పుట్టినప్పుడు కనుగుడ్డు 17 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దయ్యాక 24 దాకా వస్తుంది, ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే. చుట్టూ ఉన్న ఎముక, అదే కంటిగూడు, లోపల ఏదో ఒకటి నిండుగా ఉంటేనే సరిగా పెరుగుతుంది. ఏడాదిన్నర బిడ్డకి కన్ను తీసి ఖాళీగా వదిలేస్తే పదేళ్లు వచ్చేసరికి ఆ వైపు ముఖం చిన్నదైపోతుంది, పై రెప్ప లోపలికి గుంట పడుతుంది, అప్పుడు నేనెంత అందమైన కన్ను చేసినా లాభం ఉండదు. 18 మిల్లీమీటర్ల బంతి మూడు మిల్లీలీటర్ల చోటు నింపితే 20 బంతి నాలుగు దాటి నింపుతుంది, చూడ్డానికి రెండు మిల్లీమీటర్లే తేడా. అలాగని మరీ పెద్దది బలవంతంగా పెడితే కుట్లు విచ్చుకుని బయటికొచ్చేస్తుంది.

ఖరీదైనదే మంచిదా అంటే, నా మాట వినండి, కాదు. పగడం నుంచి చేసినవి, సన్నటి రంధ్రాలున్న ప్లాస్టిక్‌వి ఉన్నాయి, వాటిలోకి రక్తనాళాలు పాకుతాయి. మామూలు యాక్రిలిక్ బంతి చాలా చవక. మన హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు 2010లో ప్రచురించిన పరిశోధనలో, కంటి కండరాల్ని బంతి మీద కాకుండా, బంతిని కప్పే కంటి పల్చటి పొరకి కుట్టే పద్ధతిలో యాక్రిలిక్‌తో కూడా కృత్రిమ కన్ను దాదాపు ఖరీదైన దానిలాగే కదిలింది. కాబట్టి బంతి రేటు అడిగే ముందు కండరాలు ఎలా కుడతారో అడగండి.

ఒక నాయనమ్మ, "నాది తీసి నా మనవడికి పెట్టండయ్యా, నేను చూసిందేదో చూసేశాను" అంది. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. కంటి నరం ఒకసారి తెగితే మళ్లీ అతకదమ్మా, నేత్రదానంలో చూపు కోసం వాడేది కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియానే అని చెప్పాను. ఆమె తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు.

ఆపరేషన్ అయ్యాక రెప్పల కింద పారదర్శకంగా ఒక పెంకు ఉంచుతారు. అది జారి ఒళ్లో పడితే టెన్షన్ పడకండి, బంతి లోపల భద్రంగానే ఉంటుంది, పెంకు కడిగి మీ డాక్టరుకి ఫోన్ చేయండి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత నా దగ్గరికి వస్తే అచ్చు తీసి, రెండో కన్ను చూస్తూ రంగులు వేసి, సన్నటి రక్తనాళాల్లా కనిపించడానికి ఎర్ర పట్టుదారం పోగులు ఒక్కొక్కటే అతికిస్తాను. బిడ్డ పెరిగేకొద్దీ మార్చాల్సింది ఈ పైకన్నునే, బంతిని మామూలుగా మార్చరు.

రెండో కంటికి పవర్ లేకపోయినా, దెబ్బ తగలకుండా పాలీకార్బొనేట్ (సులువుగా పగలని ప్లాస్టిక్) అద్దాలు పెట్టించండి. క్యాన్సర్ వల్లే కన్ను తీసుంటే, ఇంట్లో చంటి తమ్ముడో చెల్లెలో ఉన్నవాళ్లు వాళ్ల కళ్లు కూడా ఈ వారమే చూపించండి, ఈ క్యాన్సర్ గుర్తుగా ఫోటోలో కనుపాప తెల్లగా మెరిసేదాకా ఆగొద్దు.