శవపేటికపై కప్పని జెండా

సభాధ్యక్షులకు, పెద్దలకు, వెనుక నిలబడి వింటున్న అక్కచెల్లెళ్ళకు నమస్కారం. మహిళా దినోత్సవం కనుక స్త్రీల సాహసం గురించి మాట్లాడమన్నారు. సాహసగాథలు ఏటా వింటూనే ఉన్నాం. నేను ఈరోజు ఒక లెక్కల పద్దు గురించి మాట్లాడతాను.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక విమానాలను నడిపిన స్త్రీల దళం పేరు వాస్ప్. 1943 ఆగస్టులో, పైలట్ జాక్వెలిన్ కాక్రన్ నాయకత్వాన ఏర్పడిన ఈ దళంలో చేరడానికి 25,000 మందికి పైగా దరఖాస్తు చేసుకోగా, శిక్షణ పూర్తిచేసినవారు 1,074 మంది. కర్మాగారాల నుండి స్థావరాలకు విమానాలు చేర్చడంతో పాటు, నేలమీది తుపాకీదళం నిజమైన గుళ్ళతో గురి నేర్చుకోవడానికి, తమ విమానం వెనుక గుడ్డ లక్ష్యాన్ని కట్టుకుని ఆకాశంలో లాగడం కూడా వీరి విధుల్లో ఒకటి. ఈ పనిని ప్రభుత్వం పౌర ఉద్యోగంగానే లెక్కకట్టింది.

విధుల్లో 38 మంది మరణించారు. వారు సైనికులు కారు గనుక శవపేటికపై జెండా కప్పలేదు. దేహాన్ని సొంతూరికి చేర్చే ఖర్చు కూడా ప్రభుత్వం భరించలేదు. తోటి పైలట్లే తలా కొంత వేసుకుని పంపిన సందర్భాలున్నాయి. అమ్మా, ఒక్కసారి ఆలోచించండి: మన ఊళ్ళలో దిక్కులేనివారికి కదా చందాలు వేసుకుని సాగనంపుతాం! ఇక్కడ కాక్రన్ జీవితం గురించి చెప్పాలనుకుని వచ్చాను కాని, ఆ చందా మాట దాటి నా నోరు ముందుకు కదలడం లేదు.

సైనిక హోదా ఇవ్వాలన్న బిల్లు 1944 జూన్‌లో అమెరికా ప్రతినిధుల సభలో ఓడిపోయింది. అదే ఏడాది డిసెంబరు 20న దళాన్ని రద్దుచేసి, దస్త్రాలను మూసిపెట్టారు. మూడు దశాబ్దాల తర్వాత, సైనిక విమానాలు నడపడానికి స్త్రీలకు మొదటిసారిగా శిక్షణ ఇవ్వబోతున్నామని వైమానిక దళం ప్రకటించింది. ఆ ‘మొదటిసారి’ అన్న మాటే ఆ వృద్ధ పైలట్లను మళ్ళీ కదిలించింది. 1977 నవంబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో వారు మాజీ సైనికులయ్యారు. 2010లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఇచ్చే బంగారు పతకం అందింది.

కథ ముగిసిందనుకుంటే పొరపాటు. వాస్ప్ పైలట్ ఎలేన్ హార్మన్ తన చితాభస్మాన్ని, అమెరికా సైనికులను ఖననం చేసే ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో ఉంచాలని రాసిపెట్టి, 2015 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆ శ్మశానాన్ని నడిపేది సైన్యం. 1977 చట్టం అక్కడ వర్తించదని, ఆమెకు అర్హత లేదని సైన్యం తేల్చిచెప్పింది. మనవైపు అస్థికల కుండను ఇంట్లోకి తేకుండా చెట్టుకు కట్టి, నదిలో కలిపేదాకా మనసు కుదుటపడనివాళ్ళం మనం. ఆమె భస్మం మాత్రం ఏడాదికి పైగా ఇంటి అలమరాలోనే ఉండిపోయింది. మనవరాళ్ళు పట్టుబట్టి పోరాడగా, 2016 మేలో కొత్త చట్టం వచ్చింది. ఆ సెప్టెంబరు 7న సైనిక లాంఛనాలతో ఆమెను ఆర్లింగ్టన్‌లో ఉంచారు. ఆ ఖర్చుకు మాత్రం ఎవరూ చందా వేసుకోవలసిన పని లేకపోయింది.