పండుగల మీదుగా జపాన్ ఇళ్ళలోకి

శారద: నమస్కారం. ఈ వారం జపాన్. ఆగస్టులో వచ్చే ఒబొన్, ఆ తర్వాత కొత్త సంవత్సరం, ఈ రెండు పండుగల మీదుగా అక్కడి కుటుంబాలను పరిచయం చేద్దామని అనుకున్నాం.

రవి: అయితే ముందు ఒబొన్ గురించి చెప్పు అక్కా.

శారద: ఒబొన్ చాలాచోట్ల ఆగస్టు 13 నుంచి 16 దాకా జరుగుతుంది. పోయినవాళ్ళు ఇంటికి వచ్చి వెళ్ళే రోజులు. మహాలయ పక్షం పాటించే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఎక్కువ చెప్పనవసరం లేదు. నాకు బాగా నచ్చేది వాళ్ళు పెద్దలకు ఏర్పాటు చేసే వాహనాలు. కీర దోసకాయకు నాలుగు పుల్లలు గుచ్చితే గుర్రం, వంకాయకు గుచ్చితే ఆవు. త్వరగా రావాలని గుర్రం, తిరిగి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా వెళ్ళాలని ఆవు.

రవి: మా నాయనమ్మ వింటే కళ్ళు తుడుచుకునేది.

శారద: క్యోటోలో 16వ తేదీ రాత్రి చుట్టూ ఉన్న ఐదు కొండల మీద మంటలు వేసి సాగనంపుతారు. ఇక చాలా ఇళ్ళలో బుత్సుదాన్ ఉంటుంది, తలుపులున్న చిన్న మందిరం. అందులో పెద్దల పేర్లు చెక్కిన పలకలు. అన్నం వండగానే ముందు అక్కడ చిన్న గిన్నెలో పెట్టి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళు తింటారు.

రవి: కొడుకులు లేని ఇంట్లో ఆ గిన్నె ఎవరు పెడతారు?

శారద: కొన్ని ఇళ్ళలో అల్లుడినే దత్తత తీసుకుంటారు. ముకోయోషి అంటారు.

రవి: ఇల్లరికం!

శారద: ఇల్లరికమే కానీ ఇంకా లోతుకు వెళ్ళింది. మా తాతగారు ఇల్లరికం వచ్చారు, చివరిదాకా ఇంటి పేరు మాత్రం ఆయనదే. అక్కడ ఇంటి పేరూ మారుతుంది. సుజుకీ ఒసాము గారిని తీసుకో, మన మారుతి కార్ల సుజుకీ. ఆయన పుట్టింది మత్సుదా వారింట్లో. 1958లో సంస్థ స్థాపకుడి మనవరాలిని పెళ్ళి చేసుకుని సుజుకీ అయ్యారు. 1978లో అధ్యక్షుడయ్యారు, 1982లో మన దేశంతో ఒప్పందం కుదిరింది. ఆయన మామగారు కూడా ఆ ఇంటికి అల్లుడిగా వచ్చి సుజుకీ అయినవారే.

రవి: అంటే కొడుకుల వరస తెగినా ఫరవాలేదు, ఇల్లు నిలవాలి. నాకు ఇది చాలా గొప్పగా ఉంది అక్కా.

శారద: ఒసాకా నగరంలో సెన్బా అనే వ్యాపారపేట వర్తకులు కొడుకు పనికిరాడనుకుంటే, దుకాణంలో తెలివైన గుమాస్తాకు కూతురినిచ్చి వ్యాపారం అప్పగించేవారు.

రవి: ఇల్లంతా ఒక్కటిగా ఉండడం అంటే నాకు వాళ్ళ స్నానం గుర్తొస్తుంది. తొట్టి బయట శుభ్రంగా ఒళ్ళు రుద్దుకుని, కడుక్కుని, అప్పుడు వేడినీళ్ళలోకి దిగుతారు. ఒకరి తర్వాత ఒకరు, ఇంటిల్లిపాదీ అవే నీళ్ళు. మధ్యలో వేడి పోకుండా మూత వేస్తారు. ఒకే నీళ్ళు, ఒకే ఇంటి పేరు. కుటుంబం అంటే అది.

శారద: ఆ నీళ్ళలో చివర దిగేది ఎవరు? పాతకాలంలో ఇంటి పెద్ద ముందు, కోడలు అందరికన్నా వెనక. ఇంటి పేరు సంగతీ అంతే. జపాన్ పౌర స్మృతి 750వ నిబంధన ప్రకారం పెళ్ళి చేసుకుంటే భార్యాభర్తలకు ఒకే ఇంటి పేరు ఉండి తీరాలి. ఎవరిదైనా ఎంచుకోవచ్చు. నగర కార్యాలయంలో ఇచ్చే పెళ్ళి నమోదు పత్రంలో పక్కపక్కనే రెండు గళ్ళు ఉంటాయి, భర్త ఇంటి పేరు, భార్య ఇంటి పేరు. ఒకదాంట్లో గుర్తు పెట్టాలి. దాదాపు 95 శాతం జంటల్లో పేరు వదులుకునేది అమ్మాయే.

రవి: చట్టం ఇద్దరినీ సమానంగానే చూసింది కదా.

శారద: కాగితం మీద. మాట వినేది ఎవరో ఆ 95 శాతమే చెబుతోంది.

రవి: కానీ తరతరాల సంప్రదాయాన్ని...

శారద: తరతరాలు కాదు రవీ! సామాన్యులందరికీ ఇంటి పేరు తప్పనిసరి చేసింది 1875లో. ఆ మరుసటి ఏడాది, 1876లో, పెళ్ళయిన స్త్రీ పుట్టింటి పేరే వాడాలని ప్రభుత్వమే ఆదేశించింది. ఇంటి యజమానికి సర్వాధికారాలిచ్చి, అందరికీ ఒకే పేరని చట్టం తెచ్చింది 1898లో. యుద్ధం తర్వాత, 1947లో, ఆ యజమాని పెత్తనం తీసేశారు, ఒకే పేరు నియమం మాత్రం ఉంచేశారు.

రవి: ఇది నాకు కొత్త విషయం. అయినా ఒక్క మాట అడగనివ్వు. పిల్లలు, తల్లి, తండ్రి అందరూ ఒకే పేరుతో ఉంటే మనసుకు ఒక నిండుదనం ఉంటుంది. దాన్ని కొట్టిపారేయలేం కదా?

శారద: కొట్టిపారేయడం లేదు. కావాలనుకున్నవాళ్ళు ఉంచుకోనీ. ఎవరి పేరు వాళ్ళు ఉంచుకునే వీలు కూడా ఇవ్వాలని న్యాయశాఖ సలహా మండలి 1996లోనే సిఫారసు చేసింది. అది ఇంకా చట్టం కాలేదు. 2015లో సుప్రీంకోర్టు ఈ నియమం రాజ్యాంగబద్ధమేనంది. పదిహేను మంది న్యాయమూర్తులలో ఐదుగురు కాదన్నారు. ధర్మాసనంలో ఉన్న ముగ్గురు మహిళలూ ఆ ఐదుగురిలో ఉన్నారు. 2021లోనూ కోర్టు అదే మాట చెప్పింది.

రవి: ముగ్గురికి ముగ్గురూ...

శారద: (కాసేపు ఆగి) మన దగ్గర ఏ చట్టమూ అడగదు. అయినా నా డిగ్రీ పట్టా మీద ఒక ఇంటి పేరు, పాస్‌పోర్టు మీద మరొకటి. ఒక కార్యాలయంలో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకరేనని రుజువు ఏమిటని అడిగారు. చదువుకున్నది నేను కాదేమో అనిపించింది ఆ క్షణాన. కష్టపడి పేరు తెచ్చుకున్న పరిశోధకురాలు అక్కడ పెళ్ళితో తన వ్యాసాల మీది పేరుకు దూరమవుతుంది. ఆ బాధ నాకు తెలుసు.

రవి: నువ్వు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

శారద: సందర్భం రాలేదు. సరే, కొత్త సంవత్సరం.

రవి: అక్కా, కావాలంటే కాసేపు ఆపుదాం.

శారద: వద్దు. 1873 నుంచి వాళ్ళ కొత్త సంవత్సరం జనవరి 1నే. డిసెంబరు 31 రాత్రి సోబా అనే నూడుల్స్ తింటారు, గుళ్ళలో గంట నూట ఎనిమిది సార్లు మోగుతుంది. ఒసెచి అని అంతస్తుల పెట్టెల్లో వంటకాలు ముందే సర్ది ఉంచుతారు. నల్ల సోయా గింజలు, చేప గుడ్లు, చిన్న ఎండు చేపలు. పండుగ పూట పొయ్యి వెలిగించే పని తగ్గుతుంది. పిల్లలకు చిన్న కవర్లలో డబ్బులు.

రవి: నూట ఎనిమిది, మన అష్టోత్తరం.

శారద: అవును. ఇంకా చాలా ఉంది కానీ సమయం అయిపోతోంది.

రవి: ఒకటే ప్రశ్న. జపాన్ అమ్మాయి మన తెలుగు అబ్బాయిని పెళ్ళి చేసుకుంటే?

శారద: ఒకే పేరు నియమం వర్తించదు. తన పేరు తనకే ఉంటుంది. కావాలనుకుంటేనే మార్చుకుంటుంది.

రవి: అంటే విదేశీయుడైతే పేరు నిలుస్తుంది, పక్క వీధి అబ్బాయైతే ఇద్దరిలో ఒకరి పేరు పోతుందా?

శారద: పోతుంది.

రవి: ఇది మాత్రం నాకు అన్యాయంగానే ఉంది. నిండుదనం గురించి అన్నమాట వెనక్కి తీసుకోను, కానీ ఇది అన్యాయం. వాళ్ళ పిల్లలు?

శారద: కోసెకిలో, అంటే కుటుంబ నమోదు పత్రంలో, తల్లి పేరు కింద చేరతారు. తల్లి ఇంటి పేరుతో.

రవి: తండ్రి?

శారద: విదేశీయుడికి సొంత కోసెకి ఉండదు. భార్య పత్రంలో వివాహ వివరాల దగ్గర ఆయన పేరు రాస్తారు.

రవి: ఆగు, ఆగు. అప్పుడు మన అబ్బాయి అచ్చంగా...

శారద: రవీ, బయట తరువాతి వాళ్ళు వచ్చేశారు. గది ఖాళీ చేయాలి.