రోడ్స్‌లో ఒక తీరికైన రోజు: రిసార్ట్ టూర్ వద్దు, బస్సెక్కి లిండోస్ వెళ్లండి

అందరికీ నమస్కారం. ఇది రిసార్ట్ రివ్యూ కాదు, ముందే చెప్పేస్తున్నా. రిసార్ట్ గురించి చెప్పడానికి ఏముంటుంది, ఫలిరాకిలో ఏ ఆల్ ఇన్‌క్లూజివ్ హోటల్‌కి వెళ్లినా చేతికి ఒక బ్యాండ్ కడతారు, పూల్ ఉంటుంది, మూడు పూటలా బఫే ఉంటుంది, డబ్బులు కట్టేశాం కదా అని మనం కూడా గేటు దాటం. ఆ గేటు దాటి నేనూ, అమ్మా, నాన్నా లిండోస్ అని ఇదే దీవిలో కొండమీద కోట ఉన్న పాత ఊరు ఒకటుంటే వెళ్లొచ్చాం, ఈ రివ్యూ ఆ రోజు గురించి.

రోడ్స్ అంటే తెలియనివాళ్లకి ఒక్క మాట. గ్రీస్ దీవే, కానీ ఏథెన్స్ కన్నా టర్కీ తీరం చాలా దగ్గర. అమ్మావాళ్లు జర్మనీలో నా దగ్గరికి షెంగెన్ వీసా మీద వచ్చారు, గ్రీస్ కూడా షెంగెన్‌లోనే ఉంది కాబట్టి వేరే వీసా గొడవ లేదు. యూరప్‌లో ఉన్న మనవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఎంతసేపూ పారిస్, స్విస్ అంటారు గానీ, ఇలాంటి చోటు కూడా ఒకసారి ఆలోచించండి.

హోటల్ లాబీలో ఒక టూర్ డెస్క్ ఉంటుంది. వాళ్లు అమ్మేది ఏంటంటే, ఒకే రోజులో సీతాకోకచిలుకల లోయ, ఏడు ఊటలు, లిండోస్, దారిలో ఒక తేనె దుకాణం, ఒక కుండల దుకాణం. లిండోస్‌కి గంటన్నర ఇస్తారట! గంటన్నరలో అమ్మ మెట్లు ఎక్కడమే అవ్వదు. నా మాట వినండి, ఆ టూర్ వద్దు. రోజు మొత్తం ఒక్క లిండోస్‌కే ఉంచుకోండి, మిగతావి చూడకపోయినా కొంపలేం మునిగిపోవు.

వెళ్లడం చాలా తేలిక. తూర్పు తీరం వెంబడి కేటెల్ (KTEL) అనే కంపెనీ బస్సులు తిరుగుతాయి, రోడ్స్ టౌన్‌లో బయల్దేరి ఫలిరాకి మీదుగా లిండోస్ వెళ్తాయి. మెయిన్ రోడ్డు మీద స్టాప్‌లో నిలబడి చెయ్యి ఊపండి, ఊపకపోతే కొన్నిసార్లు ఆపకుండా పోతాడు, అచ్చం మన ఊరి బస్సు లెక్కే. టికెట్ బస్సులోనే ఇస్తారు, చిల్లర ఉంచుకోండి. గంట లోపే దింపేశాడు. కుడిపక్క కొండలు, ఎడంపక్క అప్పుడప్పుడు సముద్రం, ఇక చివరి మలుపు తిరగ్గానే, ఇదిగో స్క్రీన్ మీద చూడండి, కింద తెల్లటి ఇళ్ల గుంపు, దాని నెత్తిన నిటారుగా ఒక రాతి కొండ, కొండ మీద కోట, వెనకాల నీలం. బస్సులో అందరి ఫోన్లూ ఒకేసారి లేచాయి. కొన్ని బస్సులు పైన క్రానా అనే చోటే ఆగిపోతాయి, అక్కడినుంచి కిందికి నడవచ్చు, లేదంటే చిన్న షటిల్ ఉంటుంది.

ఊళ్లోకి కార్లు రావు, సందులు అంత ఇరుకు. చౌక్ దాటగానే గాడిదల స్టాండ్ కనిపిస్తుంది, కోట గేటు దాకా మోసుకెళ్తాయి, డబ్బులు తీసుకుంటారు. గాడిద బరువులో ఐదో వంతుకు గానీ, 100 కిలోలకు గానీ మించి మోయించకూడదని 2018లో గ్రీస్ ప్రభుత్వం రూల్ పెట్టింది. రూల్ ఉన్నా ఆ ఎండలో వాటిని చూస్తే నాకు ఎక్కబుద్ధి కాలేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు కదా, ఎక్కుతావా అని అడిగితే, "నేనే ఎక్కలేని మెట్లు నన్ను మోసుకుని అది ఎక్కాలా, పోరా" అంది. సరే, నడకే.

మెట్లు సుమారు 300 ఉంటాయి. కష్టం మెట్ల లెక్కలో లేదు, ఆ రాయిలో ఉంది. జనం కాళ్ల కింద నలిగి నలిగి అద్దంలా నున్నగా అయిపోయింది, చెప్పులు జారిపోతాయి, పట్టు ఉన్న బూట్లే వేసుకోండి. పొద్దున గేటు తెరిచే టైమ్‌కి అక్కడ ఉండాలి, ఈ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే పైన నీడ అనేది లేదు, పదిన్నర దాటితే క్రూయిజ్ షిప్పుల జనం దిగుతారు, ఆ ఇరుకు మెట్ల మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఢీకొనడమే. అమ్మ ప్రతి మలుపు దగ్గరా కూర్చుంటూ, నీళ్లు తాగుతూ, మెల్లగా పైదాకా వచ్చేసింది.

గేటు దాటాక, పెద్ద మెట్లు మొదలయ్యే ముందు ఎడమవైపు చూడండి, చాలామంది చూడకుండా పోతున్నారు. కొండరాతిలోనే ఒక యుద్ధనౌక వెనక భాగం చెక్కారు. క్రీస్తుపూర్వం 180 ప్రాంతం నాటిది. వంపు తిరిగిన చివర, పక్కన తెడ్డు, అన్నీ తెలుస్తున్నాయి, ఓడ ఇప్పుడే రాతిలోంచి బయటికి వస్తోందా అన్నట్టు. చెక్కినవాడి పేరు కూడా మిగిలింది, పైథోక్రిటోస్. నాన్న అక్కడే పావుగంట నిలబడ్డాడు, ఆయనకి ఇవంటే పిచ్చి.

పైన చుట్టూ ఉన్న గోడలు గ్రీకులవి కావు, సెయింట్ జాన్ నైట్స్ అనే క్రైస్తవ యోధులవి. 1309 నుంచి 1522లో టర్కీ ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ గెలిచేదాకా ఈ దీవి వాళ్లదే. ఆ కోట గోడల లోపల అంతకు పదిహేను వందల ఏళ్ల పైబడి పాతదైన అథీనా లిండియా గుడి, అంటే గ్రీకు దేవత అథీనా గుడి. మధ్యలో ఒక బైజాంటైన్ చర్చి శిథిలం. ఎవరొచ్చినా కొండ అదే, దేవుళ్లే మారారు.

నాన్న ఒక స్తంభం దగ్గర ఆగి "ఇదేంట్రా, కొత్త రాయిలా ఉంది" అన్నాడు. నిజమే. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడ డెన్మార్క్ వాళ్లు తవ్వకాలు చేశారు, డబ్బు కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్‌ది, అవును, ఆ బీర్ కార్ల్స్‌బర్గే. 1912లో దీవి ఇటలీ చేతికి పోయింది, వాళ్లు పడిపోయిన స్తంభాల్ని ఇనుము, కాంక్రీటు పెట్టి నిలబెట్టారు. సముద్రపు గాలికి ఆ ఇనుము తుప్పు పట్టి రాయిని పగలగొట్టడం మొదలుపెట్టింది, దాంతో తర్వాత గ్రీకులు అది పీకి మళ్లీ రాయితో చేయాల్సి వచ్చింది. మీకు అక్కడక్కడా తెల్లగా కనిపించేది ఆ కొత్త రాయి. నిజం చెప్పాలంటే గుడిగా మిగిలింది తక్కువే, టికెట్ ధరేమో తక్కువ కాదు. కానీ ఆ అంచున నిలబడితే ఒకవైపు ఊరి బీచ్, రెండోవైపు సెయింట్ పాల్స్ బే కనిపిస్తాయి చూడండి, నా డబ్బులు అక్కడే వచ్చేశాయి.

ఇక్కడివాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. కొలోసస్ ఆఫ్ రోడ్స్ విన్నారు కదా, ప్రపంచ వింతల్లో ఒకటి, సుమారు 33 మీటర్ల కంచు విగ్రహం, దాన్ని చేసిన ఖారెస్‌ది ఈ లిండోసే. విగ్రహం క్రీస్తుపూర్వం 226 భూకంపంలో కూలిపోయింది, ఇప్పుడు రోడ్స్‌లో దాని ముక్క కూడా లేదు, దాని బొమ్మ ఉన్న ఫ్రిజ్ మ్యాగ్నెట్లు మాత్రం సందు సందుకీ ఉన్నాయి. ఇంకొకాయన క్లియోబులోస్, ఈ ఊరిని ఏలినవాడు, గ్రీకుల ఏడుగురు జ్ఞానుల్లో ఒకడు. దేనికైనా ఒక హద్దుండాలి అన్నది ఆయన చెప్పినట్టుగా ప్రసిద్ధి. మన అతి సర్వత్ర వర్జయేత్ అన్నమాట. మా హోటల్ బఫే దగ్గర ఆయన బొమ్మ ఒకటి పెడితే బాగుండేది.

పదకొండుకల్లా దిగేశాం, అప్పటికే మెట్లు నిండిపోయాయి. ఊళ్లో సందులు బాగుంటాయి, షాపులు మాత్రం అన్నీ ఒకటే, ఒక పది చూస్తే వంద చూసినట్టే. పైకి కాకుండా కిందికి చూడండి. పాత నౌకా కెప్టెన్ల ఇళ్ల వాకిళ్లలో నలుపు, తెలుపు గులకరాళ్లను ఒక్కొక్కటిగా అంచు మీద నిలబెట్టి పేర్చి ముగ్గుల్లాంటి డిజైన్లు వేశారు. దీన్ని హోహ్లాకి అంటారు. అమ్మ చెప్పులు విడిచి దాని మీద నిలబడి, ఇది కాళ్లకి మంచిదిరా అంది.

భోజనం. శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు. పితరూదియా అని రోడ్స్ స్పెషల్ ఒకటుంది, శనగలు, ఉల్లిపాయ, పుదీనా వేసి నూనెలో వేయిస్తారు. నాన్న మూడు ప్లేట్లు తిన్నాడు, పక్కన పచ్చిమిర్చి లేదని మాత్రం బాధపడ్డాడు. టమాటాల్లో బియ్యం కూరి బేక్ చేసే యెమిస్తా తీసుకోండి, కానీ మాంసం వేశారేమో ఒకసారి అడగండి, రెండు రకాలూ చేస్తారు. మేం డాబా మీద రెస్టారెంట్‌లో తిన్నాం, కొండ ఎదురుగా ఉంటుంది, బిల్లులో సగం ఆ కొండకే. వ్యూ అవసరం లేనివాళ్లు పక్కసందులో ఏ చిన్న టావెర్నాలోనైనా కూర్చోండి. తర్వాత ఫ్రెడ్డో ఎస్ప్రెసో తాగండి, ఐస్ వేసిన కాఫీ, ఆ ఎండకి అదే దిక్కు.

మధ్యాహ్నం సెయింట్ పాల్స్ బే. అపొస్తలుడు పౌలు ఇక్కడ దిగాడని నమ్మకం, పక్కనే తెల్లటి చిన్న చాపెల్. మూడు పక్కలా రాళ్లు మూసేసిన మడుగులా ఉంటుంది, అలలు లేవు. ఈత రానివాళ్లు కూడా నడుము లోతులో హాయిగా ఉండొచ్చు, అమ్మ చీర కొంగు బిగించి దిగింది, బయటికి రమ్మంటే రాలేదు. సన్‌బెడ్‌కి డబ్బులు అడుగుతారు, కానీ ఒడ్డు అందరిదీ, తువ్వాలు పరుచుకుని కూర్చుంటే ఎవరూ ఏమనరు. చిన్న బీచ్ కాబట్టి చోటు దొరకడమే కష్టం, దొరక్కపోతే ఊరి పెద్ద బీచ్‌కి వెళ్లండి, అక్కడ ఇసుక ఎక్కువ.

ఎప్పుడు వెళ్లాలి అంటే, పెద్దవాళ్లతో అయితే జులై, ఆగస్టు వద్దు. ఎండ ఒక్కటే కాదు, 2023 జులైలో ఈ వైపు అడవులు అంటుకుని సుమారు 19 వేల మందిని హోటళ్ల నుంచీ ఊళ్ల నుంచీ ఖాళీ చేయించారు. మే, జూన్ మొదట్లో, లేదా సెప్టెంబర్ చివర్లో పెట్టుకోండి.

కొనుక్కోవాలంటే మ్యాగ్నెట్లు కాదు, మెలెకూని కొనండి. నువ్వులు, తేనె, నారింజ తొక్క, దాల్చినచెక్క, డైమండ్ ముక్కలుగా కోసి ఉంటుంది, ఇక్కడ పెళ్లిళ్లలో పంచుతారట. నోట్లో పెట్టుకోగానే సంక్రాంతి నువ్వులుండ, కాస్త మెత్తగా.

తిరుగు బస్సు గురించి జాగ్రత్త. సాయంత్రం ఐదు తర్వాత అందరూ ఒకేసారి బయల్దేరతారు, క్యూ చాలా పొడుగు. మేం నాలుగింటికే వచ్చి కూర్చున్నాం, సీట్లు దొరికాయి. చివరి బస్సు టైమ్ పొద్దున దిగినప్పుడే బోర్డు ఫోటో తీసి పెట్టుకోండి, సీజన్‌ని బట్టి మారుతుంది, అది తప్పితే టాక్సీయే గతి, ఆ రేటు వింటే గుండె ఆగుతుంది. రోడ్స్ ఓల్డ్ టౌన్ వీడియో వేరే పెడుతున్నా, డౌట్లుంటే కింద అడగండి. ఉంటా మరి.