మా కాలనీ రోడ్లు ఎప్పుడు పూర్తవుతాయి? హెచ్‌ఓఏ, డెవలపర్ సంగతులు

అందరికీ నమస్కారం అండీ. ఈరోజు మా కాలనీలో పూర్తికాని వైపు చూపిస్తాను. మేముండేది ఫ్లోరిడాలో, టాంపాకి దగ్గర్లో. గేటు దగ్గర పూలమొక్కలు, ఫౌంటెన్ అన్నీ బాగుంటాయి. ఇలా వెనక ఫేజ్‌లోకి వస్తే సగం లాట్లు, అంటే ఇళ్ల స్థలాలు, ఖాళీ, కాలిబాట మధ్యలోనే ఆగిపోయింది, వీధి దీపాల్లేవు.

ఇదిగో, ఈ మ్యాన్‌హోల్ మూత చూడండి. రోడ్డు కంటే పైకి లేచి ఉంది కదా! పిల్లలు సైకిల్ తొక్కుతుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. ఇక్కడ తారు రెండు పొరలుగా వేస్తారు. కాంక్రీట్ లారీలు తిరగడం అయ్యేదాకా పై పొర ఆపుతారు. అది న్యాయమే, ముందే వేస్తే లారీల కింద పాడైపోతుంది. కానీ ఏళ్లు గడిచినా వేయకపోతేనే సమస్య.

ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మా మామయ్యగారు మొన్న వచ్చినప్పుడు వాన వెలిశాక ఇక్కడే నిలబడి, "అమ్మాయ్, గట్టర్ ఎత్తు పై పొరకి సరిపోయేలా కట్టారు. ఆ పొర లేదు కాబట్టి నీళ్లు గట్టర్‌లోకి ఎక్కలేక అంచునే నిలిచిపోతున్నాయి. ఇలాగే వదిలేస్తే కింద బేస్ మెత్తబడిపోతుందమ్మా" అన్నారు. అప్పటిదాకా మేమంతా డ్రైనేజీ మూసుకుపోయిందనే అనుకుంటున్నాం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ దాదాపు రోజూ సాయంత్రం వానే, మరి ఆ బేస్ ఏమవ్వాలి?

డెవలపర్‌ని ఎవరడగాలి అంటే హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం. మొదట్లో ఆ హెచ్‌ఓఏ బోర్డులో ఉండేది డెవలపర్ మనుషులే. ఫ్లోరిడా చట్టం, చాప్టర్ 720 ప్రకారం, అన్ని ఫేజులూ కలిపి 50 శాతం లాట్లు ఇళ్లు కొన్నవాళ్ల చేతికి వస్తే మనం బోర్డుకి కనీసం ఒకరిని ఎన్నుకోవచ్చు. 90 శాతం వచ్చాక మూడు నెలలకి బోర్డులో మెజారిటీని మనమే ఎన్నుకోవచ్చు. దాన్నే టర్నోవర్ అంటారు. మాది ఇంకా మధ్యలో ఉంది. మా వీధిలోని అక్క ఒకావిడ ఆ ఒక్క సీట్లో ఉన్నారు, మేం కొందరం ఆవిడకి సాయంగా తిరుగుతున్నాం.

వాట్సాప్ గ్రూప్‌లో డెవలపర్‌ని తిట్టుకుంటే రోడ్డు పడదండీ. ఆయన కౌంటీకి, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వానికి, ఏం రాసిచ్చాడో ముందు చూడాలి. రోడ్లు, కాలిబాటలు పూర్తి చేస్తానని మామూలుగా పూచీ కింద బాండ్ గానీ, బ్యాంక్ లెటర్ ఆఫ్ క్రెడిట్ గానీ పెడతారు. మా వాటి కాపీలు కౌంటీ ఆఫీసులో అడిగి తీసుకున్నాం. పనులు తేలకముందే ఆ బాండ్ విడుదలైతే మన చేతిలో ఉన్న పట్టు పోయినట్టే. అందుకే మిగిలిన పనులన్నీ ఫోటోలతో, తేదీలతో కౌంటీ ఇన్‌స్పెక్టర్‌కి పంపాం. హెచ్‌ఓఏ లెక్కలు కూడా రాతపూర్వకంగా అడిగితే పది పనిదినాల్లో చూపించాలి. ఫోన్లో అడిగి ఊరుకోకండి.

నా టెన్షన్ అంతా ఈ చెరువు గురించే. చూడ్డానికి అందంగా ఉంది గానీ ఇది వాననీటి పాండ్, వాటర్ మేనేజ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అనే ప్రభుత్వ నీటి సంస్థ పర్మిట్ మీద తవ్వింది. పని పూర్తయిందని ఇంజినీర్ సర్టిఫై చేశాక నిర్వహణ బాధ్యత హెచ్‌ఓఏ పేరుకి మారుతుంది. ఆ తర్వాత గట్టు కోసుకుపోతే ఖర్చు మనదే! ఇదిగో, ఈ పైపు చుట్టూ మట్టి ఇప్పటికే జారిపోయింది. అందుకే డెవలపర్ ఇంజినీర్ కాకుండా మన తరఫు ఇంజినీర్ ఒకరు చూసి రిపోర్ట్ ఇచ్చేదాకా మనవైపు నుంచి ఎవరూ సంతకం పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ ఫీజు అందరం పంచుకుంటే పెద్ద భారం కాదు.

నిజం చెప్పాలంటే డెవలపర్ సైట్ మేనేజర్ మంచిగానే మాట్లాడుతున్నారు. వీధి దీపాలకి కరెంట్ కంపెనీ నుంచి తేదీ రావాలట, ఆ మాట మెయిల్‌లో రాసి ఇమ్మన్నాం. ఇచ్చారు. వచ్చే వారం ఆయనతో కలిసి వీధి వీధీ నడుస్తున్నాం, ముందు ఈ పైపు దగ్గరికే తీసుకెళ్తాం.